తరుగు లేని బంగారం

ఆగండి, ఆగండి! ఆ పెట్టెను మంటలో వెయ్యొద్దు. ఇటు పట్టుకురండి. విరిగిన మంచం కోళ్ళు వేసుకోండి, తాటాకులు వేసుకోండి, పిడకల దండ వేసుకోండి. భోగిమంటకు అవి చాలు. ఆ పెట్టె మాత్రం నా పక్కన పెట్టండి. అటక మీద మూలన పడుంది, చెదలు కొరికింది, పనికిరానిదనుకున్నారు. మీ తప్పేం లేదు. మీకు ఎవరూ చెప్పలేదు.

ఇది మీ ముత్తాత చేత్తో చేసిన సామాను. ఇదిగో చూడండి, పైన జల్లెడ కూర్చునే చట్రం. కింద వాలుగా పలక. పలక మీద అడ్డంగా అయిదు పట్టెలు. అడుగున ఈ కన్నంలో తిత్తి మూతి దూర్చేవాళ్ళం. దీని పేరేమిటంటావా తల్లీ? అంగట్లో దొరికే సామాను కాదు కదా, మా నాయన పెట్టిందే పేరు. 'గాలిచాట' అనేవాడు. నీటిచుక్క తగలకుండా ఎండుమట్టిలోంచి బంగారం తీసిన చాట ఇది.

కూర్చోండి. తెల్లారడానికి ఇంకా పొద్దుంది. మంట ఎగదొయ్యండి, చెబుతాను.

మా తాత, మా నాయన ఇద్దరూ పత్తికొండ తాలూకాలో ఒక చిన్న ఊళ్ళో కంసాలి పని చేసినవాళ్ళే. వీధి వైపు ఒక గది, అదే అంగడి. మట్టి నేల. శుక్రవారం శుక్రవారం మా అమ్మ పేడతో అలికేది. గది నడుమ కుంపటి, దాని చుట్టూ దాగలి, పట్టకార్లు, ఊదుగొట్టం, ఆకురాళ్ళు, మూసలు. నాయన చిన్న పీట వేసుకుని కూర్చుని, ఒళ్ళో గుడ్డ పరుచుకుని ఆకురాయి పట్టేవాడు. రాలిన పొడి గుడ్డలో పడాలని. ఎంత జాగ్రత్తపడినా అంతా గుడ్డలోనే పడుతుందా? కొంత గాలికి పోతుంది. కొంత గోళ్ళలో దూరుతుంది. మూసలో కరిగేటప్పుడు చిటపటమని చిన్న పూస ఎగిరి బూడిదలో పడుతుంది. లేచి నడిస్తే అరికాలికి అంటుకుని గడప దాకా వస్తుంది. కంసాలి తలంటుకున్న నీళ్ళు కూడా ఊరికే పారబోయకూడదని మా జేజి అనేది. తమాషాకి అన్న మాట కాదది, లెక్క తెలిసి అన్న మాట.

అట్లా పోయేదానికి తరుగు అని పేరు. నగ చేయించుకునేవాళ్ళు బంగారం ఇచ్చేటప్పుడే తులానికి తరుగు ఇంత, కూలి ఇంత అని మాట్లాడుకునేవాళ్ళు. ఇక్కడే మా నాయన మనసులో ఒక ముల్లుండేది. కంసాలివాడు కన్నతల్లి బంగారంలోనైనా చెయ్యి పెట్టకమానడని లోకంలో ఒక పాడు మాట ఉంది, మీరూ వినే ఉంటారు. ఎవరో ఒకరు అంగడి ముందు నిలబడి నవ్వుతూ ఆ మాట అనేవాళ్ళు. నాయన మారు పలికేవాడు కాదు. ఆకురాయి కింద పెట్టి, కాసేపు కుంపటిలోకి చూసి, మళ్ళీ పని అందుకునేవాడు. రాత్రి అన్నం తినేటప్పుడు మాత్రం అమ్మతో అనేవాడు: "తరుగు నా పెట్టెలోకి రాలేదే, నా నేలలోకి పోయింది. ఎవరికి చెప్పుకోను?"

అందుకే మా ఇంట్లో ఊడ్చే పద్ధతి వేరు. అందరూ లోపలి నుంచి గడప వైపు ఊడుస్తారు. మేము గడప నుంచి లోపలికి ఊడ్చేవాళ్ళం. ఊడ్చిన దుమ్ము, కుంపటి బూడిద, పగిలిన మూస పెంకులు, అన్నీ మూలనున్న కాగులో పోసేవాళ్ళం. ఏడాదికి రెండుసార్లు ధూళవ్వ వచ్చేది.

ధూళవ్వ అంటే ఆమె అసలు పేరు కాదు. ఊళ్ళో పిల్లలందరం అట్లాగే పిలిచేవాళ్ళం. కంసాలి అంగళ్ళ ధూళి గంపల లెక్కన కొని, వాగులో కడిగి, అందులోని బంగారం, వెండి తీసి బతికేవాళ్ళుండేవాళ్ళు. జలగడుగువాళ్ళని పేరు. ఉత్తరాదిలో వాళ్ళనే న్యారియాలంటారు, గుజరాతులో ధూల్‌ధోయాలంటారు. దేశంలో కంసాలి ఉన్న ప్రతిచోటా, అతని వెనకాల ఒక ధూళి కడిగే చెయ్యి ఉంది. ధూళవ్వ వచ్చి కాగులో చెయ్యి పెట్టి గుప్పెడు తీసి, వేళ్ళ మధ్య నలిపి, "ఈ ఆరునెలలూ నీకు పని బాగానే దొరికింది ఆచారీ" అనేది. దుమ్ము చూసి మా ఇంటి సంపాదన చెప్పేసేది.

ఈ నేలకు బంగారం కొత్తేమీ కాదు. మన పక్కనే జొన్నగిరి. తొలకరి పడితే వజ్రాలు దొరుకుతాయని జనం ఈనాటికీ ఆ చేలల్లో వంగి వెతుకుతుంటారు. ఆ ఊరే అశోకుడి కాలం నాటి సువర్ణగిరి అని కొందరు చరిత్రకారులంటారు. ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలు ఉన్నది ఆ దాపుల్లోనే. ఇంకా పడమటికి పోతే రాయచూరు జిల్లాలో మస్కి. అక్కడి శాసనాన్ని 1915లో మొదట చూసినవాడు బంగారు గనుల ఇంజనీరు, బీడన్ అని. బంగారం కోసం తిరిగేవాడికి అశోకుడు దొరికాడు! ఆ దాపునే హట్టి గనులు. అక్కడ పాతకాలంవాళ్ళు రాతిని నిప్పుతో కాల్చి పగలగొట్టుకుంటూ 600 అడుగులకు పైగా లోతుకు దిగారు. అందులో దొరికిన కలప ముక్కను పరీక్షిస్తే సుమారు 2,000 ఏళ్ళ నాటిదని తేలింది. వాళ్ళ పేర్లు ఏ శాసనంలోనూ లేవు. ధూళవ్వలాంటి వాళ్ళే అయుంటారు.

ఇక అసలు సంగతికి వస్తాను. 1963 జనవరి. సరిగ్గా ఇట్లాంటి సంక్రాంతి రోజులే. కొత్త నగలు 14 కేరట్లకు మించిన బంగారంతో చేయకూడదని నిబంధన వచ్చింది. 22 కేరట్ల పనికి అలవాటుపడ్డ చేతులు మావి. 14 కేరట్లంటే నూటికి 58 పాళ్ళే బంగారం. రంగు తేలిపోతుంది, లోహం గట్టిపడుతుంది, సుత్తి దెబ్బకు సాగదు, అంచులు పగులుతాయి. అట్లాంటి నగను మన ఊళ్ళో ఎవరు చేయించుకుంటారు? పెళ్ళిళ్ళవాళ్ళు రావడం మానేశారు. దేశమంతటా కంసాలులు పని పోగొట్టుకున్నారు. కొందరు ప్రాణాలే తీసుకున్నారు. మా అంగట్లో కుంపటి చల్లారింది. అప్పుడు నాకు ఇరవై ఒక్కటో ఏడు. పని నేర్చుకుని చేతికి అందివచ్చే సమయానికి పనే లేకుండా పోయింది.

వేసవిలో ధూళవ్వ వచ్చింది. కాగు ఖాళీ. కంసాలికి పని లేకపోతే ధూళి ఎక్కడిది? ఆమెకూ ఆకలే. అరుగు మీద కూర్చుని అమ్మ ఇచ్చిన జొన్న సంగటి తిని, చెయ్యి కడుక్కుని, గది నేల వైపు చాలాసేపు చూసింది. తర్వాత అన్నది: "ఆచారీ, కాగులో లేకపోతేనేం? కింద ఉంది కదా."

నాయనకు అర్థమయింది. మా తాత కూర్చున్న చోటే నాయన కూర్చున్నాడు. నాయన పక్కన నేను. మూడు తరాల తరుగు ఆ గది నేలలో ఉంది. వారం వారం అలికిన అలుకు ఒక్కొక్క పొరై ఆ వారం రాలిన ధూళికి మూత పెట్టింది. పలుగుతో ఒక పెళ్ళ లేపితే చపాతీ పొరల్లాగా విడిపోయింది. జానెడు లోతు తవ్వాం. మూడు బండ్ల మట్టి తేలింది.

మట్టి ఉంది, నీళ్ళేవి? వంక ఎండిపోయింది. ఊరి బావిలో చేంతాడు బారెడు పెంచి కట్టినా బొక్కెన నిండేది కాదు. ఆడవాళ్ళు తెల్లవారుజామునే వరస కట్టేవాళ్ళు. తాగడానికే లేని నీళ్ళతో మూడు బండ్ల మట్టి కడుగుతామంటే ఊరు ఊరుకుంటుందా? అడగడానికే మాకు నోరు రాలేదు.

"కళ్ళంలో జొన్నలు నీళ్ళతో కడుగుతున్నామా? తూర్పారపట్టడంలేదూ?" అన్నాడు నాయన. చాట తీసుకుని, గాలివాటు చూసుకుని, ఎత్తు మీద నిలబడి మట్టి జారవిడిచాడు. దుమ్ము గాలికి పోయింది, బరువైనది కాళ్ళ దగ్గర పడింది. చూడ్డానికి బాగానే ఉంది. ధూళవ్వ మాత్రం తల అడ్డంగా ఊపింది. "పోయేది కూడా చూడు ఆచారీ, వచ్చేదే చూడకు" అన్నది.

అప్పుడు నాయన ఒక పని చేశాడు. అది జన్మలో మరిచిపోను. తన పాత ఉంగరం ఆకురాయితో రాసి, పది రేణువులు లెక్కపెట్టి, ఒక శేరు ఉత్త మట్టిలో కలిపాడు. దాన్ని తూర్పారపట్టి, కింద పడిందాంట్లో వెతికాడు. నాలుగే దొరికాయి. పదిలో ఆరు గాలిపాలు! ఆ రోజు మా ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. ఇప్పుడు ఆలోచిస్తే ఆ నష్టమే మమ్మల్ని కాపాడింది. లెక్కపెట్టి చూడకుండా మూడు బండ్లూ గాలికి ఎగరేసి ఉంటే?

ఎందుకు పోయిందో వినండి. బంగారం నీటికన్నా 19 రెట్లు బరువు. ఇసుక రెండున్నర రెట్లు. అంత తేడా ఉన్నప్పుడు విడదీయడం తేలికే అనిపిస్తుంది. కాని పెద్ద ఇసుక రేణువూ, చిన్న బంగారు రేణువూ గాలిలో ఒకే వేగంతో పడతాయి. పైగా సుత్తి దెబ్బ తిన్న బంగారం పొరలా పలచగా ఉంటుంది, తాలు గింజలా తేలిపోతుంది. కళ్ళంలో మట్టిబెడ్డలు జొన్నలతో పాటే పడతాయి కదా, వాటిని గాలి విడదీయలేదు, జల్లెడే విడదీయాలి. ఇదీ అంతే. ముందు ఒకే సైజు రేణువుల్ని ఒక చోట చేర్చాలి. అప్పుడు గాలికి బరువు ఒక్కటే తెలుస్తుంది.

ఆ నెలలోనే మా మేనమామ కోలారు నుంచి వచ్చాడు. గనుల్లో మేస్త్రీ. ఆ వైపంతా మన తెలుగువాళ్ళు చాలామంది ఉండేవాళ్ళు. కోలారు గనుల కథ మొదలయింది కూడా ఊరివాళ్ళు కడిగిన మట్టితోనే. 1802లో వారెన్ అనే దొర సర్వే పని మీద అటు వచ్చి, పల్లె జనం మట్టి కడిగి బంగారం తీస్తారని విని, తన ఎదుట తీయించి చూశాడు. 120 పౌన్ల మట్టికి ఒక గ్రెయిను దొరికింది. అంటే ఇప్పటి లెక్కలో సుమారు 54 కిలోలకు సగం గురిగింజ ఎత్తు! అంత సన్న బంగారాన్ని పట్టుకున్న చేతుల వెనకాల ఎన్ని తరాల ఓపిక ఉందో చూడండి. తర్వాత 1880లో జాన్ టేలర్ కంపెనీ వచ్చింది, 3 కిలోమీటర్లకు పైగా లోతుకు పోయింది.

మామ నాయన అవస్థ చూసి, "బావా, కుర్రతనంలో ఒక దొర చెప్పగా విన్నాను. ఆస్ట్రేలియాలో నీళ్ళులేని ఎడారిలో ఒక పెట్టె పెట్టి, కింద నుంచి తిత్తితో ఊది బంగారం తీస్తారట. పైనుంచి వీచే గాలి కాదు, అడుగునుంచి వచ్చే గాలి" అన్నాడు. బొగ్గు ముక్కతో అరుగు మీద గీసి చూపించాడు. ఆయనా కళ్ళారా చూసింది కాదు.

ఆ మాట నిజమో కాదో నాకు 2011 దాకా తెలియదు. మీ చిన్నాయన పెర్త్‌లో ఉద్యోగంలో చేరాక నన్ను తీసుకుపోయాడు కదా, అక్కడి నుంచి కారులో కూల్‌గార్డీ, కాల్‌గూర్లీ చూపించాడు. ఎర్రమట్టి, ముళ్ళపొదలు, మన సీమే అనుకున్నాను. 1892లో బెయిలీ, ఫోర్డ్ అనే ఇద్దరు కూల్‌గార్డీలో బంగారం కనిపెట్టారు. బెయిలీ 554 ఔన్సులు తీసుకుపోయి చూపించాడట. మరుసటి ఏడు హానన్ అనే ఆయన, ఇంకో ఇద్దరు కాల్‌గూర్లీలో కనిపెట్టారు. వేలమంది ఎగబడ్డారు. బంగారం ఉంది, నీళ్ళు లేవు. తాగే నీళ్ళే కొనుక్కోవాలి. మంచినీళ్ళు లేక విషజ్వరాలతో చాలామంది పోయారు. 1903లో సముద్రం వైపు నుంచి 500 కిలోమీటర్లకు పైగా గొట్టాలు వేసి నీళ్ళు తెచ్చే దాకా అదే గతి. అన్నాళ్ళూ వాళ్ళు ఏం చేశారు? రెండు పళ్ళేలు పట్టుకుని ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి గాలిలో మట్టి ఒంపారు. అచ్చం మా నాయన చాటతో చేసినట్టే. తర్వాత పెట్టెలు కట్టుకున్నారు. అక్కడ ఒక పాత పెట్టె ప్రదర్శనకు పెట్టి ఉంది. పైన జల్లెడ, కింద వాలుపలక, పట్టెలు, తిత్తి. నేను దాని ముందు నిలబడిపోయాను. మీ చిన్నాయన "ఏమైంది నాయనా?" అని అడుగుతున్నాడు. ఏం చెప్పను? మా నాయన పోయి అప్పటికి ముప్పై ఏళ్ళు. ఆయన పని భూమికి అటువైపు ఎవరో చేసి పెట్టినట్టుంది.

సరే, మన పెట్టె సంగతి. నాయన టీ పెట్టె పలకలు తెచ్చాడు. మూడడుగుల పొడవు, ఒక అడుగు వాలు. పలకకు సన్నసన్న కన్నాలు పొడిచి, పైన పాత పంచె బిగించి, దాని మీద అరంగుళం ఎత్తు పట్టెలు అయిదు కొట్టాడు. కమ్మరి మామ దగ్గర మేకతోలు తిత్తి అడిగి తెచ్చాడు. జల్లెడలు అమ్మవే. జొన్నల జల్లెడ, రవ్వ జల్లెడ, పిండి జల్లెడ, మూడూ లాక్కున్నాడు. అమ్మకు కోపం వచ్చింది. "వంట ఎట్లా చెయ్యను?" అన్నది. "వండడానికి పిండి ఉంటే కదా" అని నాయన అనబోయి ఆగిపోయాడు. అమ్మే లోపలికి పోయి మూడు జల్లెడలూ కడిగి, ఆరబెట్టి తెచ్చి ఇచ్చింది.

మొదటి నియమం, మట్టిలో తడి ఉండకూడదు. పిసరంత తేమ ఉన్నా బంగారం మట్టికి అతుక్కుని దానితోనే పోతుంది. బండల మీద పలచగా పరిచి, రెండు రోజులు ఎండబెట్టి, కొయ్యసుత్తితో పెళ్ళలు నలిపి, మళ్ళీ ఎండబెట్టేవాళ్ళం. తర్వాత మూడు జల్లెళ్ళూ పట్టి మూడు కుప్పలు. ఏ కుప్పకు ఆ కుప్పే పెట్టెలో పోయాలి, కలపకూడదు.

రెండో నియమం, తిత్తి. నేను తిత్తి కొట్టేవాణ్ణి. గట్టిగా కొడితే బంగారమూ లేచిపోతుంది. మెల్లగా కొడితే ఇసుక కదలక పట్టెల వెనక గట్టిపడుతుంది. పట్టెల మధ్య ఇసుక సన్నమంట మీద గంజిలా కుతకుతలాడాలి. అప్పుడు తేలికది పైకి లేచి పట్టె దాటి కిందికి జారుతుంది. బరువైనది అడుగుకు దిగి గుడ్డను పట్టుకుని కూర్చుంటుంది. ధూళవ్వ పెట్టె పక్కనే కూర్చుని చెవితో వినేది. "పెంచు... చాలు... తగ్గించు నాయనా" అని. జీవితమంతా నీళ్ళలో కడిగిన మనిషి, గాలి పని ఒక్క రోజులో పట్టేసింది. ముక్కుకు తడిగుడ్డ కట్టుకోనిదే ఎవరినీ దగ్గరికి రానిచ్చేది కాదు. రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే మళ్ళీ బయటికి రాదు.

మళ్ళీ పది రేణువులు కలిపి పరీక్ష చేశాం. ఈసారి తొమ్మిది వచ్చాయి. ధూళవ్వ పదోదాని కోసం కూడా వెతికింది. గుడ్డ మడతలో ఉంది.

మూడు బండ్లు పట్టడానికి నలభై రోజులు పట్టింది. ఒకసారి పోసిన మట్టిని రెండోసారి కూడా పోసేవాళ్ళం. సాయంత్రం పట్టెల వెనక మిగిలింది గుప్పెడు నల్లని పొడి. అందులో ఇనుప రజను, నల్లిసుక. సైకిల్ డైనమోలోంచి తీసిన అయస్కాంతానికి కాగితం చుట్టి పొడి మీద తిప్పితే రజను గడ్డంలా వేలాడేది. కాగితం లాగేస్తే రాలిపోయేది. ఆ చివరి గుప్పెడుకే నీళ్ళు వాడేవాళ్ళం, రోజుకు ఒక్క చెంబు. అందులో రెండు కుంకుడుకాయల రసం కలిపేది ధూళవ్వ. ఎందుకంటే సన్న బంగారానికి జిడ్డు తగిలితే నీటి మీద తేలిపోతుంది. కుంకుడు రసం ఆ జిడ్డు విడగొట్టి బంగారాన్ని ముంచుతుంది. మరిగెలో ఆ నీటిని అటూ ఇటూ ఊపుతుంటే నల్లని పొడి వెనక్కి జరిగి, అంచున పసుపు గీత ఒకటి మెరిసేది. కంటికాటుక గీత కన్నా సన్నం. మా అమ్మ దీపం దగ్గరగా పట్టి చూసి, ఏమీ అనకుండా లోపలికి వెళ్ళిపోయేది.

ఇక్కడ ఒక మాట మనసులో పెట్టుకోండి. ఈ పొడిలోంచి బంగారాన్ని లాగడానికి అందరూ పాదరసం వాడేవాళ్ళు. పాదరసం బంగారాన్ని మింగుతుంది. ఆ ముద్దను కాలిస్తే పాదరసం ఆవిరై పోయి బంగారం మిగులుతుంది. తేలిక పని. మా చిన్నాయన ఏళ్ళ తరబడి అదే చేశాడు, తలుపు మూసిన గదిలో. ఆ ఆవిరికి రంగు లేదు, వాసన లేదు. ఆయన చేతులు వణకడం మొదలయింది. పళ్ళ చిగుళ్ళు పాడయ్యాయి. ఊరికే కోపం, ఊరికే ఏడుపు. చేయి తిరిగిన పనివాడు, చివరికి మంచినీళ్ళ చెంబు రెండు చేతులతో పట్టుకున్నా ఒలికిపోయేది. అది పాదరసం వల్లనేనని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. నాయనకు తెలిసిన రోజునే సీసా తీసుకుపోయి ఊరికి దూరంగా లోతుగా పూడ్చాడు. ఇప్పుడైతే అట్లా పూడ్చడం కూడా తప్పే అంటారు, నేలకూ విషమే కదా. మీలో ఎవరైనా, ఎప్పుడైనా, ఏ పనిలోనైనా ఆ వెండినీటిని ముట్టుకోవద్దు. గురిగింజ బంగారం కోసం మనిషిని పోగొట్టుకున్నాం మేము.

అందుకే మేము వెలిగారంతో కరిగించాం. పొడిలో వెలిగారం కలిపి మూసలో పెట్టి ఊదితే, మట్టీ ఇసుకా గాజులా కరిగి పైకి తేలతాయి, బంగారం పూసై అడుగుకు దిగుతుంది. ఆలస్యం పనే, కాని ఎవరి చేతులూ వణకవు. వచ్చిన ముద్ద శుద్ధమైనది కాదు, టంకాల రాగి, వెండి కలిసి ఉన్నాయి. దాన్ని పలచని రేకులుగా కొట్టి, ఉప్పూ ఇటుకపొడీ పొరలు పొరలుగా వేసి, మూతపెట్టి పుటం పెట్టాం. ఒక రాత్రంతా సన్నని వేడి. ఉప్పూ ఇటుకా కలిసి వెండిని లాగేసుకున్నాయి. రాగి నల్లబడి విడిపోయింది. రేకు పసుపుగా మిగిలింది. అప్పుడు పంచె గుడ్డ కూడా కాల్చి, ఆ బూడిద కడిగాం. అందులోనూ రెండు గురిగింజల ఎత్తు దొరికింది.

అంతా కలిపి తూస్తే మూడు తులాలకు రెండు గురిగింజలు తక్కువ.

నాయన త్రాసు వైపు చాలాసేపు చూశాడు. ఎవరిదీ బంగారం? ఊళ్ళో ఎన్ని ఇళ్ళ గాజులు, కమ్మలు, నానుతాళ్ళు ఆ గదిలో ఆకురాయి కిందికి వచ్చాయి! తరుగని వాళ్ళు వదులుకున్నదే ఇది. ధర్మంగా మాకే చెందుతుంది, ఎవరూ కాదనలేరు. అయినా ఆయన ముఖంలో సంతోషం రాలేదు. ముద్దను రెండుగా నరికి, ఒక సగం ధూళవ్వ చేతిలో పెట్టాడు. "గంపల లెక్కన కొనే ధూళికి సగమెందుకు ఆచారీ?" అన్నదామె. "ఈసారి నువ్వు కొనలేదవ్వా, చూపించావు" అన్నాడు.

ఆమె సగం ఆ ఏడు ఆమె ఇంటిని నడిపింది. మా సగంలో కొంత అమ్మితే వర్షాలు పడే దాకా జొన్నలు వచ్చాయి. మిగిలింది, ముప్పాతిక తులం ఉంటుందేమో, నాయన చిన్న ఇత్తడి బరిణలో పెట్టి దేవుడి గూట్లో ఉంచాడు. ఎంత ఇబ్బంది వచ్చినా దాని మీద చెయ్యి వేయలేదు.

1966లో ఆ 14 కేరట్ల నిబంధన తీసేశారు. కుంపటి మళ్ళీ వెలిగింది. ఆ మాఘమాసంలో ధూళవ్వ మనవరాలి పెళ్ళి కుదిరింది. బొట్టు చేయించడానికి కాసింత బంగారం కొంగున ముడివేసుకుని వచ్చింది. నాయన ఆ ముడి విప్పనివ్వలేదు. లేచి దేవుడి గూట్లోంచి బరిణ తెచ్చాడు. నేను తిత్తి పట్టాను, ఆయన మూస పెట్టాడు. ఇద్దరం కలిసి రెండు బొట్లు చేశాం, ఒకటి అత్తింటిది, ఒకటి పుట్టింటిది. బరిణలో మిగిలింది తర్వాత ఇంకో ముగ్గురు ఆడపిల్లల మెడల్లోకి పోయింది, ఆ లెక్క నాయన ఎవరికీ చెప్పలేదు.

ధూళవ్వ బొట్లు చేతిలోకి తీసుకుంది. ఊళ్ళో అందరి ధూళీ కడిగిన చెయ్యి, తన ఇంటికి కొత్త నగ పట్టుకోవడం అదే మొదలట. కాసేపటికి తేరుకుని, అలవాటుగా అడిగింది: "తరుగెంత ఆచారీ?"

నాయన అంగడి నేల వైపు చూశాడు. తవ్విన చోట కొత్తగా అలికిన పేడ అలుకు ఇంకా పచ్చిగానే ఉంది.

"దీనికి తరుగు లేదవ్వా" అన్నాడు. "ముందే ముట్టింది."